పిడికెడు పిడికెడు పచ్చదనం

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. ఆ రోజులంటే ఎడ్లబండ్ల కాలం అనుకునేరు, కాదు. అందరి చేతుల్లోనూ ఫోన్లున్న రోజులే. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం కోసం ఎదురుచూసి చూసి, చివరికి ప్రకృతి వ్యవసాయం గురించి ఊళ్లలో చెప్పే చిన్న కొలువొకటి దొరికి, వికారాబాదులో వారం రోజుల శిక్షణ పూర్తిచేసుకుని మా ఊళ్లో ఊడిపడ్డాను. వారం శిక్షణ మనిషిని ఎంత పాడుచేస్తుందో ఆ దారిన పోయినవాళ్లకు చెప్పక్కర్లేదు. మట్టిని చూసి దాని రోగమేంటో చెప్పేసేదాన్ని. ఆకును చూసి దాని బాధేంటో చెప్పేసేదాన్ని. పొయ్యి మీద అన్నం మాడుతోందన్న సంగతి మాత్రం పెరట్లోంచి మా అమ్మ అరిచి చెప్పాల్సి వచ్చేది.

మా ఊరు తాండూరుకు కాస్త ఇవతల. మా వైపు నేల పైన కంది పండుతుంది, కింద నాపరాయి ఉంటుంది. పైన పండినన్నాళ్లూ అది చేను. పండటం మానేసిందా, రాయి కోసం తవ్వేస్తారు. ఒకసారి తవ్వితే ఇక చేను అన్న మాట మర్చిపోవాల్సిందే. మా పక్క చేను అట్లాగే గుంతయింది. అడుగున పాచి పట్టిన నీళ్లు, గట్టంతా పనికిరాని ముక్కరాళ్ల కుప్పలు. ఒక ఏడు ఆ గుంతలో బర్రె పడింది, మరుసటి ఏడు ఆ బర్రె యజమాని పడ్డాడు. (బర్రె బతికింది.) మా చేను కూడా అదే వరసలో నిలబడి ఉంది. మా నాయినకూ చిన్నాయినకూ పొత్తులో ఉన్న నేల అది. ఏళ్ల తరబడి పత్తి మీద పత్తి వేసి, మందు మీద మందు కొట్టి, ఎరువు మీద ఎరువు చల్లి దాని ఊపిరి తీసేశారు. దున్నితే ఇటుకల్లాంటి పెడ్డలు లేచేవి. వాన పడితే ఒక్క చుక్క ఇంకకుండా, కడిగిన గచ్చు మీద నుంచి పోయినట్టు నీళ్లన్నీ పక్క గుంతలోకి పోయేవి. ఆ చేన్లో వానపామును చూసి ఎన్నాళ్లయిందని అడిగితే నాయిన కాసేపు ఆలోచించి, "నీకు పాలపండ్లు రాకముందు," అన్నాడు.

నేను శిక్షణకు పోవడానికి ముందటి వానాకాలంలో నాయిన ఆ చేన్లోనే పడిపోయాడు. వీపున పురుగుమందు పంపు, మూతికి కట్టుకున్నది అమ్మ పాత చీర ముక్క, ఎదురుగాలి. జీవాల మామ (గొర్రెలు మేపే ఆయన, మా ఊళ్లో గొర్రెల్ని, మేకల్ని జీవాలంటాం) చూసి భుజాన వేసుకుని రోడ్డు మీదికి తెచ్చాడు. వికారాబాదు దవాఖానలో నాయినకు తెలివొచ్చి అన్న మొదటి మాట, "పురుగు సావలే గని నేను సావవోయిన." నర్సు నవ్వింది, మేమూ నవ్వాం. నవ్వాక బయటికి పోయి వరండాలో గోడకానుకుని ఏడ్చాం. ప్రాణం దక్కింది గానీ నరాలు దెబ్బతిన్నాయి. చేతులు వణికేవి. చొక్కా గుండీలు పెట్టుకోవడం రాక, అమ్మ చేత పెట్టించుకోవడం ఇష్టం లేక, గుండీలు వదిలేసి తిరిగేవాడు. మందు వాసన కూడా తగలకూడదని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు.

ఎండాకాలంలో చిన్నాయిన వచ్చి కూర్చున్నాడు. చిన్నాయిన చెడ్డవాడు కాదు, ఆ సంగతి ముందే చెప్పాలి. "అన్నా, గా నేల సచ్చిపోయింది. సచ్చినదాన్ని ముంగట వెట్టుకొని ఎన్ని దినాలు ఏడుస్తం? తవ్వుకుంటనని రాళ్ల సేటు అడుగుతనే ఉన్నడు. ఇచ్చేద్దాం," అన్నాడు. నాయిన తల ఎత్తలేదు. ఆ నేలను చంపింది తన చేతులేనని ఆయనకు లోపల ఉంది, అందుకే ఇవ్వమనీ అనలేకపోయాడు, వద్దనీ అనలేకపోయాడు. అమ్మే గడప దగ్గర నుంచి, "ఒక్క పంట ఆగున్రి. బిడ్డ ఏదో నేర్సుకొని వచ్చింది, సెయ్యనియ్యున్రి. కంది నిలవడకుంటే ఇగ మీ ఇష్టం," అంది. చిన్నాయిన నా వంక చూశాడు. నేను శిక్షణలో ఇచ్చిన టోపీ పెట్టుకుని ఉన్నాను. ఆయన నిట్టూర్చి సరేనన్నాడు.

అట్లా ఆ చేను ప్రాణం నా చేతికొచ్చింది. మొదటి అడ్డంకి ఆవు. జీవామృతం చేయాలంటే నాటు ఆవు పేడ, మూత్రం కావాలి. తరవాత బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టు మన్ను కలిపి డ్రమ్ములో పులియబెట్టి చేనుకు పోయాలి. తీరా చూస్తే ట్రాక్టర్లు వచ్చాక ఊళ్లో అందరూ పశువుల్ని అమ్మేసుకున్నారు. ప్రకృతి వ్యవసాయం నేర్పడానికి వచ్చిన ఊళ్లో మిగిలిన నాటు ఆవు ఒక్కటే, అదీ జీవాల మామది. తెల్లవారుతూనే బకెట్టు పట్టుకుని దాని వెనక నిలబడేదాన్ని. అది నన్ను తిరిగి చూసేది. నేను దాన్ని చూసేదాన్ని. పొద్దెక్కేది. బకెట్టు బకెట్టులాగే ఉండేది. బడికి పోయే పిల్లలు కూడా ఆగి చూసి పోయేవాళ్లు. జీవాల మామ కొన్నాళ్లు ఓర్చుకుని, "కోడలా, నువ్వు గట్ల గుడ్లు మిటకరించి సూస్తుంటే అదెట్ల పోస్తది? దానికి గూడ సిగ్గుంటది. జర అటు మొకం తిప్పు," అన్నాడు. మొహం తిప్పాను. పోసింది, బకెట్టులో కాదు, నా కాళ్ల మీద. ఆ వాసనతోనే తాండూరులో రైలెక్కి వికారాబాదు మీటింగులకు పోయేదాన్ని. ధారూరు వచ్చేసరికి నా సీటు చుట్టూ మనిషన్నవాడు ఉండేవాడు కాదు, కాళ్లు బారచాపుకుని పోయేదాన్ని. ఉద్యోగంలో నాకు దొరికిన ఏకైక సౌకర్యం అది.

తొలకరికి కంది వేశాం. సాళ్ల మధ్య జొన్న, పెసర చల్లాం. నేల ఎండకు మాడకుండా చెత్తా చెదారం, ఆకులు, పాత పత్తి కట్టె విరిచి పరిచాం. అమ్మ, నేను డ్రమ్ములు మోసి మోసి భుజాలు వాచిపోయాయి. నాయిన గట్టు మీద నాపరాయి బండపై కూర్చుని చూసేవాడు. ఏమీ ముట్టుకోనిచ్చేవాళ్లం కాదు. మొలక వచ్చింది. వచ్చి, అక్కడే ఆగిపోయింది. ఏళ్ల తరబడి ఎరువు తిన్న నేలకు ఒక్కసారిగా తిండి ఆపేస్తే ఏమవుతుందో అదే అయింది. మొక్కలు వెలవెలబోయి, పాలిపోయి, ఇవాళా రేపా అన్నట్టు నిలబడ్డాయి. రాళ్ల సేటు మోటారు సైకిలు మా గట్టు వెంట నెమ్మదిగా పోవడం మొదలైంది. నాకు రాత్రులు నిద్ర పట్టేది కాదు గానీ పగలు ధైర్యానికి లోటుండేది కాదు.

"బిడ్డా, ఆకు పసుపు కొడుతున్నది," అన్నాడు నాయిన ఒకరోజు.

"నేల దవాఖాన్ల ఉన్నట్టు అనుకో నాయినా. కోలుకోవాలె గద. జర ఓపిక వట్టు."

"దవాఖాన్ల గూడ తిండి వెడ్తరు గద బిడ్డా," అన్నాడాయన.

దానికి నా దగ్గర జవాబుంది. నేలలో కంటికి కనబడని సూక్ష్మజీవులు ఉంటాయని, అవే వండి వడ్డిస్తాయని, మనం చేయాల్సిందల్లా వాటిని పెంచుకోవడమేనని సాయంత్రం దాకా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, నా మొహం వంక కాకుండా చేను వంక చూస్తూ ఉండిపోయాడు.

ఆ తరవాత కొన్నాళ్లకు నేను మీటింగు నుంచి వచ్చి చూద్దును కదా, చేన్లో ఒక చోట పచ్చదనం! మామూలు పచ్చ కాదు, నల్లగా నిగనిగలాడే పచ్చ. ఇంకొన్నాళ్లకు మరో చోట, ఇంకో చోట. చేనంతా పాలిపోయి ఉంటే మధ్య మధ్య అరచేయంత మేర, చాటంత మేర ముదురు పచ్చటి మచ్చలు. ఒక్కోచోట మచ్చ నడుమ రెండు మూడు మొక్కలు మాడిపోయి కూడా ఉండేవి. వాటిని నేను పట్టించుకోలేదు. ఆనందంతో గంతులు వేశాను. ఎందుకిట్లా మచ్చలు మచ్చలుగా వచ్చిందన్న ప్రశ్న నాకూ కలిగింది, కలగలేదని కాదు. కానీ దానికి జవాబు కూడా నాలోనే పుట్టింది. సూక్ష్మజీవులు ముందు తమకు నచ్చిన చోట గూడు కట్టుకుంటాయి, అక్కడి నుంచి చేనంతా పాకుతాయి! ఇది నాకెవరూ నేర్పలేదు, నా సొంత పరిశోధన. ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పాను. వాళ్లు ఉబ్బితబ్బిబ్బయి, మిగతా ఊళ్ల రైతులకు మా చేను చూపిద్దామన్నారు.

అనుకున్న రోజు రానే వచ్చింది. కోట్‌పల్లి నుంచి, పూడూరు నుంచి రెండు జీపుల్లో రైతులు దిగారు. చిన్నాయిన వచ్చాడు. ఆయన వెంటే రాళ్ల సేటు కూడా వచ్చాడు, ఇవాళతో తేలిపోతుందన్న ధీమాతో. నాయిన ఉతికిన పంచె కట్టుకుని, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని బండ మీద కూర్చున్నాడు. నేను అన్నిటికంటే పెద్ద పచ్చ మచ్చ ముందు, దానికి వీపు పెట్టి, అందరికీ ఎదురుగా నిలబడి మొదలుపెట్టాను. చచ్చిన నేల ఎట్లా లేస్తుందో చెప్పాను. కంటికి కనబడని ప్రాణుల గురించి చెప్పాను. నా గూళ్ల సిద్ధాంతం చెప్పాను. రైతులు ఎంత శ్రద్ధగా విన్నారనుకున్నారు! ఒక్కరు దగ్గలేదు, ఒక్కరు ఫోన్ చూసుకోలేదు. తలలు ఒకే తీరున పైకీ కిందికీ ఊగాయి. పూడూరు నుంచి వచ్చిన ఒక ముసలాయన మచ్చ దగ్గర గొంతుక్కూర్చుని, వేలితో కాస్త మట్టి కదిపి చూసి లేచాడు.

"బిడ్డా, గీ సూక్ష్మజీవులు పిడికెడు పిడికెడు జాగల కూసుంటయా?"

"అవు తాతా, గుంపులు గుంపులుగ ఉంటయి."

"మస్తు తెలివిగలయే," అన్నాడాయన, నవ్వకుండా. ఎవరో గొంతు సవరించుకున్నారు. నేను దాన్ని మెప్పు కింద జమ కట్టుకున్నాను.

చిన్నాయిన ఒక్కడే నా మాటలు వినలేదు. మచ్చ నుంచి మచ్చకు నడిచాడు. ఒక్కో దాని దగ్గరా ఆగి, బండ మీది నాయిన వైపు చూసి, మళ్లీ నడిచాడు. చేను ఆ చివర దాకా పోయి చాలాసేపు అటు తిరిగి నిలబడ్డాడు. (పశ్చాత్తాపం అనుకున్నాను నేను.) తిరిగొచ్చాక రాళ్ల సేటుతో, "సేటూ, గీ చేను ఇయ్యం. మల్ల అడగకు," అన్నాడు. సేటు ఏదో అనబోయాడు. చిన్నాయిన చేయి చాచి మోటారు సైకిలు వైపు దారి చూపాడు. నేను గెలిచాను. ఆ రోజు ఇంటికి నడుస్తుంటే నా కాళ్లు నేల మీద ఆనలేదు.

రెండు మూడు రోజులకు అమ్మ బట్టలు ఉతుకుతూ నన్ను పిలిచింది. నాయిన చొక్కా జేబు తిరగేసి పట్టుకుని ఉంది. కుట్టుల్లో తడిసి ఇరుక్కుని తెల్లటి గుళికలు. యూరియా. కొట్టంలో నిరుటి బస్తా సగం మిగిలి ఉన్న సంగతే మేం మర్చిపోయాం. నేను కొట్టంలోకి పరుగెత్తాను. బస్తా అడుగంటింది. నేను రైలెక్కిన రోజుల్లో, అమ్మ కూలికి పోయిన రోజుల్లో, ఆయన జేబుల్లోనూ పంచె మడతలోనూ నింపుకుని, పట్టినంత పట్టుకుని చేను దాకా నడిచాడు. సంచి మోయగలిగే చేతులు కావవి. మామూలుగా ఎరువు చల్లే మనిషి చేయి విసిరితే గింజలు పలచగా, సమంగా పరుచుకుంటాయి. ఈయన చేయి విసరగలిగేది కాదు. పిడికిలి ఎక్కడ వదిలేస్తే అక్కడ కుప్పగా పడి, నడుమ మొక్కను మాడ్చి చుట్టూ పచ్చబరిచింది. ఆ కుప్పలే నా సూక్ష్మజీవుల గూళ్లు.

నేను నాయిన మీద అరిచాను. ఏమేం అరిచానో ఇప్పుడు రాయను. మందుల దగ్గరికి పోవద్దని డాక్టరు చెప్పలేదా అన్నాను, నా పరువు తీశావన్నాను, ఇన్నాళ్ల కష్టం మట్టిపాలు చేశావన్నాను. నాయిన అంతా విన్నాడు.

"అది మందు గాదు బిడ్డా, తిండి," అన్నాడు చివరికి. "నువ్వు జెప్పేది తప్పని అంటలే. గని ఒకసారి నా చేతులతోని సంపిన దాన్ని. మల్ల నా కండ్ల ముంగట సస్తుంటే బండ మీద కూసొని ఎట్ల సూడాలె?"

మళ్లీ ఆయనే, "నీకు మంచి పేరొచ్చింది, అది సాలనుకున్న. గని తమ్ముడు నమ్మి సేటును ఎల్లగొట్టిండు. వాన్ని మోసం జేసినట్టాయె. పోయి జెప్పొస్త," అని లేచాడు.

అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. చెబితే చేను పోతుంది. ఆ గుంత ఇటు జరిగి మా చేనును మింగేస్తుంది, అందులో మా నీళ్లు నిలబడతాయి. వద్దు నాయినా, పంట కోసేదాకా ఆగు నాయినా అని బతిమాలాను. అమ్మ తడి చేతులు చీరకు తుడుచుకుంటూ, "ఆపకే. చేను వోతే వోతది," అంది. ఆమె మొహం నల్లబడిపోయి ఉంది. నాయినకు తోడు నేనే పోయాను, చేయి పట్టుకుని. పట్టుకుంటే తెలిసింది, మోచేతి దాకా వణుకుతోంది.

చిన్నాయిన ఇంటి ముందు నులక మంచం బిగిస్తున్నాడు. నాయిన నిలబడే చెప్పేశాడు. "తమ్మీ, ఆ పచ్చదనం బిడ్డది గాదు. నేను యూరియా సల్లిన. నీకు ఎరుక జెయ్యాల్నని వచ్చిన. చేను సంగతి ఇగ నీ ఇష్టం."

చిన్నాయిన నులక వదల్లేదు. "నాకు తెల్వదా అన్నా?" అన్నాడు. "సిన్నప్పటి సంది నీ ఎంబడి సాల్లల్ల నడిసినోన్ని. సూడంగనే తెలిసింది. ఎక్కడ పిడికిలి ఇడిసినవో, ఎక్కడ కిందవడి లేసినవో అంత గా చేన్లనే ఉన్నది. సావు దప్పి వచ్చినోడివి, ముద్ద నోట్లకు వోదు నీకు, గంత దూరం ఎట్ల మోసినవే?" నులకను గట్టిగా లాగి ముడేశాడు. "అదంత సూసినంక గూడ ఆడ రాయి తవ్విస్తే నేను మనిషినేనా?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. చిన్నాయిన లోపలికి కేకేసి అన్నం పెట్టించాడు. నాయిన పళ్లెం ముందు కూర్చుని చేయి ముడుచుకుంటే, చిన్నాయిన పక్కన కూర్చుని పప్పన్నం కలిపి ముద్దలు చేసి ఒక్కోటి ఆయన చేతిలో పెట్టాడు. నాయిన తిన్నాడు. నేను గుంజ పక్కన నిలబడి కళ్లు తుడుచుకుంటుంటే చిన్నాయినకు నేను గుర్తొచ్చాను.

"నీ సూక్ష్మజీవుల ముచ్చట మాత్రం మస్తుండె బిడ్డా. గంతమంది రైతులల్ల ఒక్కడు గూడ నవ్వలే."

"వాళ్లకు గూడ తెలిసిందా చిన్నాయినా?"

"రైతులు గాదా వాళ్లు?"

"మరి ఒక్కరన్న అనలేదేంది?"

"ఎట్లంటరు? మీ నాయిన గా బండ మీద కూసున్నడు గద," అన్నాడు చిన్నాయిన. ఇంటికొచ్చాక ఆ రోజంతా నేను మంచం దిగలేదు, సిగ్గుతో.

ఆ ఏడు పంట గురించి గొప్పలేమీ లేవు. పచ్చ మచ్చల్లో ఆకు తప్ప కాయ సరిగా పట్టలేదు, పట్టిన కాస్తా పురుగు తినేసింది. పాలిపోయిన మొక్కలు మాత్రం ఎండ కాలుస్తున్నా చావకుండా, పరిచిన చెత్త కింది కాస్త తడితోనే నిలబడి నాలుగు కాయలు కాశాయి. ఇంటికి పప్పు మిగిలింది. ఎండాకాలం జీవాల మామ మందను ఎరువు కోసం రాత్రుళ్లు మా చేన్లో ఆపించాం. మరుసటి ఏడు మళ్లీ డ్రమ్ములు మోశాం, ఈసారి చిన్నాయిన కూడా మోశాడు. నేల బాగుపడటానికి నేను చెప్పినంత తొందరేమీ పడలేదు. నాయిన మూడో ఏడు చలికాలంలో పోయాడు. ఆ తరవాత వచ్చిన వానాకాలంలో మొదటిసారి నీళ్లు గుంతలోకి పోకుండా చేన్లోనే ఇంకాయి. అమ్మ కాలితో తడి మట్టి కదిపితే వానపాము మెలికలు తిరిగింది. అది నాయిన చూశాడని రాయాలని నాకెంతో ఉంది. చూడలేదు.

ఇప్పుడు కొత్త పిల్లలకు నేనే శిక్షణ ఇస్తున్నాను. రైతులు మరీ మర్యాదగా తలలూపుతుంటే మాట్లాడటం ఆపి వెనక్కి తిరిగి చేను చూడండని వాళ్లకు చెబుతాను. ఎందుకో చెప్పను. ఆ రోజు టోపీ పెట్టుకుని, గొంతు చించుకుని లేని గూళ్ల గురించి చెప్పిన ఆ అమ్మాయి గుర్తొస్తే నాకు నవ్వొస్తుంది, పాపం అంత గట్టిగా నమ్మింది కదా అనిపిస్తుంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పరాయి మనుషులు కూడా ఆ మచ్చల్లో మా నాయిన చేయి ఎంత వణుకుతోందో చూశారు. వాటికి వీపు పెట్టి నిలబడింది నేనొక్కదాన్నే.